అరుగు మీద కేకు, అర్ధరాత్రి దాకా చదరంగం

మా టీమ్‌లో డిసెంబరు 24 రాత్రి ఆన్‌కాల్ ఎవరిదని ఎవరూ అడగరు. ఆరేళ్ళుగా అది మా ఇద్దరిదే. నాదీ, నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దయిన ఇంకొకాయనదీ. ఆయన బ్రూక్లిన్‌లో ఒక హసిదిక్ యూదు కుటుంబంలో, అంటే ఆచారాల్లో మహా నిష్ఠగా ఉండే శాఖలో పుట్టి, పాతికేళ్ళు దాటాక ఆ కట్టుబాట్లు వదిలేసి బయటికొచ్చిన మనిషి. మిగతావాళ్ళు చెట్టు కింద బహుమతులు సర్దుకుంటుంటే, న్యూజెర్సీలో ఎవరింట్లో వాళ్ళం కూర్చుని మేమిద్దరం సర్వర్లకి కాపలా కాస్తాం. ఆ రాత్రి ఏమీ జరగదు. ఎవరూ కొత్త కోడ్ ఎక్కించరు కాబట్టి ఏదీ పాడవదు. చాట్‌లో కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటాం.

మొదటి ఏడాది అడిగాను, చిన్నప్పుడు ఈ రాత్రి మీ ఇంట్లో ఏం చేసేవారని.

"టాయిలెట్ పేపర్ చింపేవాళ్ళం" అని రాశారు.

వేళాకోళం అనుకున్నాను. కాదట. సబ్బాతు నాడు, అంటే శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా, యూదు ధర్మం ప్రకారం చెయ్యకూడని పనుల్లో చింపడం కూడా ఒకటి. నిష్ఠగా ఉండే ఇళ్ళల్లో కాగితాన్ని ముందే చింపి పెట్టుకుంటారు. ఏడాదిలోని సబ్బాతులన్నిటికీ సరిపడా చింపాలంటే ఒక రాత్రి ఖాళీగా దొరకాలి. హసిదిక్ ఇంట్లో మగవాళ్ళకి ఖాళీ రాత్రి అంటూ ఉండదు, సమయం దొరికితే తమ పవిత్ర గ్రంథం తోరా చదవాల్సిందే. జెరూసలెం దేవాలయం కూలిన రోజుకి పాటించే శోకదినం ఒకటి తీసేస్తే, చదువు ఆపమని చెప్పే రాత్రి ఇదొక్కటే. క్రిస్మస్ ముందు రాత్రి.

దీన్ని తూర్పు ఐరోపా యూదుల భాష యిడ్డిష్‌లో నిట్టెల్ నాఖ్ట్ అంటారు. నిట్టెల్ రాత్రి. పుట్టుకని చెప్పే లాటిన్ మాట 'నటాలిస్' నుంచి వచ్చిందంటారు. అదే మాటని హీబ్రూలో 'వేలాడదీసినవాడు' అనే అర్థానికి దగ్గరగా లాగి, సిలువ మీద వేలాడినవాడి రాత్రి అని గుసగుసగా నవ్వుకున్నవాళ్ళూ ఉన్నారు. పొద్దు గూకిన దగ్గర్నుంచి అర్ధరాత్రి దాకా పుస్తకం ముట్టరు. చదరంగం ఆడతారు, పేకాడతారు. మామూలు రోజుల్లో ఈ ఆటలు కాలహరణం కింద లెక్క, ఆ ఒక్క రాత్రికి మాత్రం అవే పద్ధతి. కొన్నిచోట్ల వెల్లుల్లి తినేవారట, దయ్యాలు దగ్గరికి రాకుండా. భార్యాభర్తలు దూరంగా ఉంటారు. తేదీ దగ్గర కూడా తేడాలున్నాయి. వాళ్ళ పూర్వీకుల ఊళ్ళో పొరుగువాళ్ళు రోమన్ కాథలిక్కులయితే డిసెంబరు 24, ఆర్థడాక్స్ చర్చి వాళ్ళయితే జనవరి 6. ఊరు వదిలి వందేళ్ళయినా పాత పొరుగువాడి పంచాంగమే నడుస్తోంది. నన్ను బాగా ఆకట్టుకున్నది ఇదే. పండగ చేసుకోకపోవడానికి కూడా అవతలివాడి క్యాలెండరు కావాలి.

ఎందుకు చదవకూడదు? మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని ఏ ఆచారం గురించి అడిగినా తలో కారణం చెప్పినట్టే ఇక్కడా చెబుతారు. ఆ రాత్రి తాగిన గుంపులు వీధుల్లో తిరిగేవి, యూదుడు కంటబడితే దెబ్బలు తప్పేవి కావు, అందుకని చదువు కోసం బయటికి వెళ్ళొద్దన్నారు, అది ఒక మాట. తోరా చదివితే లోకానికి పుణ్యం చేరుతుంది, ఆ పుణ్యంలో పిసరంత కూడా ఆ రాత్రి పుట్టినవాడికి దక్కకూడదు, ఇది ఇంకో మాట. నాకు నచ్చింది మూడోది. ప్రెస్‌బర్గ్‌లో, అంటే ఇప్పటి బ్రాటిస్లావాలో, ఉండి 1839లో పోయిన రబ్బీ, అంటే యూదు మతగురువు, మోషే సోఫెర్ చెప్పింది. క్రైస్తవులు అర్ధరాత్రి లేచి ప్రార్థనకి వెళుతుంటే యూదులు గుర్రుపెట్టి నిద్రపోతున్నారని పైలోకంలో ఎవరైనా వేలెత్తి చూపిస్తే? అందుకే ముందు సగం రాత్రి చదువు మాన్పించారట, అప్పుడు పడుకుని అర్ధరాత్రికి లేచి చదువుతారని. ఎదుటివాడి భక్తిని చూసి మనం తగ్గకూడదని పెట్టుకున్న నియమం అన్నమాట. శత్రువుని మెచ్చుకోకుండానే మెచ్చుకోవడం.

కానీ దీన్ని మరీ తీపి చేసి చెప్పను. యూదమతం వదిలి క్రైస్తవంలో చేరినవాళ్ళు 16, 17 శతాబ్దాల్లో రాసిన పుస్తకాల్లో ఈ రాత్రి గురించి వేరే సంగతులు కూడా ఉన్నాయి. యేసు జీవితాన్ని వెక్కిరించే ఒక పాత కథని ఇంట్లో గొంతు తగ్గించి చదువుకునేవారు. ఈ రాత్రి ఆయన మరుగుదొడ్లలోంచి పాకుతూ తిరుగుతాడని పిల్లల్ని బెదిరించేవారు. అక్కసుతో రాసినవాళ్ళ మాటలు కాబట్టి కొంత తగ్గించి చదవాలి గానీ పూర్తిగా కొట్టిపారెయ్యలేం. భయం ఉన్నచోట ఎగతాళి పుడుతుంది. గెలవలేనివాడు తలుపేసుకుని వెక్కిరిస్తాడు. బయట రాళ్ళు పడుతున్నప్పుడు లోపలి వెక్కిరింత ఎవరికీ గాయం చెయ్యదు. బయట రాళ్ళు ఆగిపోయాక అదే వెక్కిరింతని ఏమనాలి? ఈ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇంతకీ నేను ఈ గొడవలో పడింది మా అమ్మాయి వల్ల. ఏడేళ్ళది, రెండో క్లాసు. మొన్న నవంబరులో బడి నుంచి వచ్చి "మనకి క్రిస్మస్ లేకపోతే ఏముంది నాన్నా?" అని అడిగింది. దీపావళి అన్నాను. "అది అయిపోయిందిగా" అంది. నిజమే. సంక్రాంతి అన్నాను. దానికి సెలవు లేదు, ఆ రోజు బడికి వెళ్ళాలి. నా భార్య చెట్టు కొనేద్దాం అంటోంది. ఇక్కడ మాకు తెలిసిన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో చాలావాటిల్లో తులసికోటకి నాలుగడుగుల దూరంలో ప్లాస్టిక్ చెట్టు ఉంది. ఎవరూ చావలేదు, ఎవరి మతమూ మంటగలవలేదు. నేను మాత్రం ఎందుకో ఒప్పుకోలేకపోయాను. ఎందుకని ఆలోచిస్తూ యూదుల దగ్గరికి వెళ్ళాను, ఎందుకంటే ఈ లెక్కని వాళ్ళు రెండు వేల ఏళ్ళ నుంచి చేస్తున్నారు.

రెండు వేల ఏళ్ళు అని ఊరికే అనడం లేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మశాస్త్రం మిష్నాలో ఒక భాగం మొత్తం దీని గురించే. పరాయివాళ్ళ పండక్కి మూడు రోజుల ముందు నుంచి వాళ్ళతో కొనడం, అమ్మడం, అప్పివ్వడం, అప్పు తీర్చడం కూడదు అని మొదలవుతుంది. రోమన్ల పండగలు కలెండా, సాటర్నాలియా పేర్లు పెట్టి మరీ చెప్పారు. అలా అయితే పొట్ట గడిచేదెలా? తర్వాతి తరాల రబ్బీలు ఆ మూడు రోజుల్ని ఒక్కరోజు చేశారు, ఆ ఒక్కరోజుకీ దారులు వెతికారు. 13వ శతాబ్దంలో పెర్పిన్యాలో ఉన్న మెనహెం మెయిరీ అయితే, ఈ నిషేధాలు ఆ కాలపు విగ్రహారాధకుల గురించి, ధర్మానికి కట్టుబడి బతికే జాతులకి ఇవి వర్తించవని తేల్చేశాడు. 16వ శతాబ్దంలో క్రాకోలో ఉన్న మోషే ఇస్సెర్లెస్ రాసిన ఒక నియమం చదివి నేను నవ్వాను. నిట్టెల్ తర్వాత ఎనిమిదో రోజున, అంటే కొత్త సంవత్సరం నాడు, పొరుగువాడికి బహుమతి పంపాల్సి వస్తే వీలైతే ముందు రోజు సాయంత్రమే పంపు, వీలు కాకపోతే ఆ రోజే పంపెయ్. అంతే. సిద్ధాంతం ఒక గడప దగ్గర నిలబడింది, పొరుగింటివాడితో బతకాల్సిన అవసరం ఇంకో గడప దగ్గర. రెండింటికీ మధ్య ఒక సాయంత్రం వెడల్పు సందు.

మిష్నా మీద తర్వాతి రబ్బీల చర్చలు కూర్చిన తాల్ముద్‌లో అదే చోట ఒక కథ ఉంది, మన ఉత్తరాయణం తెలిసినవాళ్ళకి వెంటనే పట్టుబడుతుంది. ఆదాము తన మొదటి శీతాకాలంలో పగళ్ళు కురచవుతుండటం చూశాడు. నా పాపం వల్ల లోకం చీకటైపోతోందని ఎనిమిది రోజులు ఉపవాసం ఉన్నాడు. తర్వాత పగలు పెరగడం మొదలయ్యాక, ఓహో ఇది లోకం తీరే అని ఎనిమిది రోజులు పండగ చేసుకున్నాడు. మరుసటేడు ఆ రెండు ఎనిమిదుల్నీ పండగలే చేశాడు. ఆయన దేవుడి కోసం పెట్టాడు, వీళ్ళు విగ్రహాల కోసం పెట్టుకున్నారు అని ముగుస్తుంది. పరాయి పండగని తప్పుపడుతూనే, దాని మొదలు అందరికీ తండ్రయినవాడి దగ్గర పెట్టారు. ఇంతకంటే తెలివిగా నేను చెప్పలేను.

ఇక చెట్టు. యూదులు చెట్టు పెట్టలేదా అంటే బ్రహ్మాండంగా పెట్టారు. 1895 డిసెంబరు 24న వియన్నా ప్రధాన రబ్బీ మోరిట్స్ గూడెమాన్ ఒక ఇంటికి వెళ్ళేసరికి ఆ ఇంటాయన పిల్లల కోసం క్రిస్మస్ చెట్టుకి దీపాలు వెలిగిస్తున్నాడు. రబ్బీ మొహం మాడింది. ఆ ఇంటాయన థియోడార్ హెర్జెల్. రెండు నెలల తర్వాత యూదులకి సొంత రాజ్యం కావాలని పుస్తకం వేసినవాడు. దీన్ని హనుక్కా (అదే రోజుల్లో వచ్చే యూదుల దీపాల పండగ) చెట్టు అనుకోనీ, నాకేం అభ్యంతరం లేదని డైరీలో రాసుకున్నాడు. దీనికి కొసరు ఇంకో పదహారేళ్ళకి బెర్లిన్‌లో దొరుకుతుంది. యూదు మార్మిక గ్రంథాల మీద తర్వాత గొప్ప పండితుడైన గెర్షోమ్ షోలెంకి అప్పుడు పద్నాలుగేళ్ళు. వాళ్ళింట్లో క్రిస్మస్‌ని జర్మన్ల పండగ అని చేసుకునేవారు. కుర్రాడికి యూదు జాతీయవాదం మీద మోజని తెలిసి, వాళ్ళమ్మ 1911లో ఒక కానుక తెచ్చి చెట్టు కింద పెట్టింది. నల్ల ఫ్రేములో హెర్జెల్ బొమ్మ! ఆ తర్వాతి నుంచి క్రిస్మస్ రోజుల్లో ఇంట్లో ఉండటమే మానేశానని షోలెం రాసుకున్నాడు. పాపం, ఆవిడ తప్పేముంది, కొడుక్కి ఇష్టమైనదే తెచ్చింది.

అమెరికాకి వచ్చాక వేరే దారి పట్టారు. ముందు కొట్లాట జరిగింది. 1906 డిసెంబరులో న్యూయార్క్ బడుల్లో క్రిస్మస్ కార్యక్రమాలకి నిరసనగా యూదు తల్లిదండ్రులు వేలాది పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టారు. కానీ ఏటా కొట్లాడుతూ కూర్చోలేరు కదా. దాంతో హనుక్కాని పెంచడం మొదలైంది. నిజానికి అది చిన్న పండగ. క్రీస్తుపూర్వం 164లో దేవాలయాన్ని మళ్ళీ శుద్ధి చేసుకున్నందుకు ఎనిమిది రాత్రులు దీపాలు పెట్టుకోవడం. ఆ రోజుల్లో పని మానక్కర్లేదు, పెద్ద పూజలు లేవు. 19వ శతాబ్దం రెండో సగంలోనే సిన్సినాటి రబ్బీలు దాన్ని పిల్లల పండగగా సినగాగుల్లో, అంటే యూదుల ప్రార్థనామందిరాల్లో, జరిపించడం మొదలుపెట్టారు. తర్వాత బజారు అందుకుంది. ఎనిమిది రాత్రులకి ఎనిమిది బహుమతులు. 1974లో ఫిలడెల్ఫియాలో లిబర్టీ బెల్ దగ్గర చబాద్ అనే హసిదిక్ శాఖ వాళ్ళు చిన్న కొయ్య మెనోరా, అంటే హనుక్కా దీపాల సెమ్మె, వెలిగించారు. ఐదేళ్ళకి వైట్‌హౌస్ దగ్గర పెట్టిన పెద్ద మెనోరాకి అధ్యక్షుడు కార్టర్ వచ్చాడు. 1989లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పిట్స్‌బర్గ్‌లో న్యాయస్థానం లోపల బాలయేసు బొమ్మలు ఒక్కటే పెడితే తప్పు, ఇంకో ప్రభుత్వ భవనం బయట చెట్టు పక్కన మెనోరా ఉంటే తప్పు లేదని తీర్పు. అంటే క్రిస్మస్ పక్కన నిలబడటానికి హనుక్కాకి చట్టబద్ధంగా చోటు దొరికింది. దీన్ని గెలుపు అనేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. "మాకూ ఒకటుంది" అని చెప్పడం మొదలుపెట్టగానే కొలబద్ద అవతలివాడి చేతికి ఇచ్చేసినట్టే. వాడి పండగ ఎంత పెద్దదో మనదీ అంత పెద్దది అవ్వాలి, వాడి పండగ ఎప్పుడో మనదీ అప్పుడే రావాలి. నేను మా అమ్మాయికి "దీపావళి" అని జవాబు చెప్పింది కూడా ఇదే. అది వెంటనే పట్టేసింది, అయిపోయిందిగా అని.

దీనికంటే చైనీస్ రెస్టారెంటు నాకు బాగా నచ్చింది. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో యూదులూ చైనీయులూ పక్కపక్కన బతికారు. ఇద్దరూ క్రైస్తవులు కాని వలసదారులే. డిసెంబరు 25న ఊరంతా మూసేస్తే తెరిచి ఉండేది ఆ హోటళ్ళే. యూదులు పాలూ మాంసమూ కలిపి తినకూడదు, పంది మాంసం ముట్టకూడదు. చైనీస్ వంటలో పాలూ మాంసమూ కలపరు, కాబట్టి సగం నియమం దానంతటదే నిలబడుతుంది. మిగతా సగం, అంటే పంది మాంసం, సన్నగా తరిగి పిండిలో చుట్టేసి ఉంటే కంటికి కనబడదు. కనబడనిది అడగరు. 1899లోనే ఒక యూదు వారపత్రిక ఇలా కోషర్ కాని, అంటే ఆ నియమాలు పాటించని, చైనీస్ హోటళ్ళకి పోతున్నారని తిట్టింది. తిట్లు ఎవరు వింటారు! మాకు దగ్గర్లోని న్యూఆర్క్‌లో 1935 క్రిస్మస్ రోజున ఇంగ్ షీ చక్ అనే హోటలాయన యూదు అనాథాశ్రమం పిల్లలకి చౌమీన్ పట్టుకెళ్ళాడని అప్పటి పేపర్లో పడింది. 2010లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి ఎలీనా కేగన్‌ని సెనెట్‌లో ప్రశ్నిస్తుంటే, ఒక బాంబు కేసు సందర్భంలో, క్రిస్మస్ రోజున ఎక్కడున్నారని ఒక సెనెటర్ అడిగాడు. యూదులందరిలాగే చైనీస్ రెస్టారెంటులో ఉండి ఉంటానని ఆవిడ అన్నది. సభంతా నవ్వింది. ఇందులో పోటీ లేదు, వెక్కిరింత లేదు, మాకూ ఒకటుందన్న ఆరాటం లేదు. మీ పండగ మీరు చేసుకోండి, మేం నూడుల్స్ తింటాం.

నిట్టెల్ చదరంగానికీ దీనికీ చుట్టరికం ఉంది. రెండూ ఖాళీని ఖాళీగా ఒప్పుకుంటాయి. ఈ రాత్రి మనది కాదు. మనది కాని రాత్రిని ఎలా గడపాలో నేర్చుకుంటే అదీ ఒక ఆచారమే.

ఈ ముక్క గొప్పగా చాట్‌లో రాస్తే మా ఆన్‌కాల్ పెద్దాయన చాలాసేపు జవాబు ఇవ్వలేదు. తర్వాత ఒక్క ప్రశ్న వేశారు. "మరి జెరూసలెంలో నిట్టెల్ పాటించేవాళ్ళు ఎవరికి భయపడి పాటిస్తున్నారు?"

అదీ అసలు చిక్కు. అక్కడ క్రిస్మస్ నాడు గుంపులు రావు, అది మామూలు పనిదినం. లిథువేనియా సంప్రదాయం వాళ్ళు, అరబ్ దేశాల నుంచి వచ్చిన యూదులు ముందునుంచే ఈ రాత్రి చదువు మానలేదు. హసిదిక్ ఇళ్ళల్లో అలవాటుగా నడుస్తోంది, సరే, అది వాళ్ళ ఇంటి సంగతి. కానీ 2010లో అదే ఇజ్రాయెల్‌లోని ఎగువ నజరేత్ అనే ఊరి మేయరు ఊరి కూడళ్ళలో క్రిస్మస్ చెట్లకి అనుమతి ఇవ్వనన్నాడు. ఆ ఊళ్ళో అరబ్ క్రైస్తవులు చాలామందే ఉన్నారు. ఇంకో సంగతి. 1990ల నుంచి పాత సోవియట్ దేశాల నుంచి ఇజ్రాయెల్‌కి పది లక్షల మంది దాకా వచ్చి చేరారు. వాళ్ళు డిసెంబరు 31న చెట్టు పెట్టుకుని నోవీ గోద్ చేసుకుంటారు. అది మతం లేని కొత్త సంవత్సరం పండగ, 1935లో సోవియట్ ప్రభుత్వమే చెట్టుని అలా తిరిగి తెచ్చింది. వాళ్ళ చెట్టుని చూసి కూడా, వీళ్ళు అసలు యూదులేనా అని పక్కింటివాళ్ళు అనుమానపడ్డారు. పోలాండ్ పల్లెలో తలుపేసుకుని చదరంగం ఆడినవాడు అన్న "వద్దు", కుర్చీలో కూర్చున్న మేయరు అన్న "వద్దు" ఒకే మాట. బరువు ఒకటి కాదు. బలహీనుడు వద్దంటే తనని తాను కాపాడుకుంటున్నాడు. బలవంతుడు వద్దంటే ఎదుటివాణ్ణి బయట నిలబెడుతున్నాడు.

ఇక్కడ నేను తెనాలి దగ్గర మా ఊరి అరుగు మీదికి వెళ్ళక తప్పదు. మా వీధి చివర ఒక టీచరమ్మ ఉండేవారు. ప్రతి క్రిస్మస్‌కి ఇంటి మీద కాగితం నక్షత్రం వెలిగేది. మర్నాడు ఆవిడ స్టీలు పళ్ళెంలో కేకు పెట్టి, మీద గుడ్డ కప్పి తెచ్చేవారు. మా నాయనమ్మ ఎదురెళ్ళి నవ్వుతూ అందుకునేది, పిల్లల గురించి అడిగేది, సంక్రాంతికి అరిసెలు పంపేది. కేకు మాత్రం అరుగు దాటి లోపలికి వచ్చేది కాదు. గుడ్డు వేస్తారని పైకి చెప్పే కారణం. గుడ్డు ఒక్కటే కారణం కాదని ఎనిమిదేళ్ళ నాక్కూడా తెలుసు. అరిసెలు ఆవిడ ఇంటి లోపలికి వెళ్ళేవి కదా. ఇస్సెర్లెస్ కనిపెట్టిన ఒక సాయంత్రం సందు లాంటిదే మా అరుగు కూడా, కాకపోతే క్రాకోలో ఆ సందు వెతుక్కున్నవాడు ఊళ్ళో తక్కువవాడు. మా ఊళ్ళో మేం కాదు.

చెప్పాలంటే ఈ కథ యూదులకీ మాకూ దూరంగా కూడా లేదు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు మేం ప్రాచీన ఇజ్రాయేలీయుల్లో ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకుని 1990ల మొదట్లో సినగాగు పెట్టుకున్నారు. అంతకుముందు వాళ్ళు క్రైస్తవులు. బ్రూక్లిన్ యూదుడికి క్రిస్మస్ పరాయివాడి పండగ. కొత్తరెడ్డిపాలెంలో అది నిన్నటి దాకా సొంత పండగ, ఇవాళ్టికీ చుట్టాల పండగ. వాళ్ళ "వద్దు" ఎలా ఉంటుందో కూర్చుని వినాలని ఉంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు బస్సెక్కితే అయిపోయే దూరమే.

మా ఇంట్లో ఈ ఏడాది చెట్టు పెట్టలేదు. నా భార్య వాదించి ఊరుకుంది, "నీకు చదరంగం ఆడటం కూడా రాదు" అని ఒక మాట అనేసి. నిజమే, అందుకని 24 రాత్రి మా అమ్మాయీ నేనూ అష్టాచెమ్మా ఆడాం. గవ్వల్లేక పిస్తా డిప్పలు. లాప్‌టాప్ పక్కనే తెరిచి పెట్టుకున్నాను. ఒక్క అలర్టు కూడా రాలేదు.

మధ్యలో అమ్మ ఫోన్ చేసింది, అక్కడ అప్పటికే తెల్లవారింది. మాటల్లో కేకు సంగతి ఎత్తాను. పాపం టీచరమ్మ, ఏటా తెచ్చేది, మనం పారేసేవాళ్ళం అన్నాను.

"పారెయ్యడమేంట్రా?" అంది అమ్మ. "అరుగు మీదిది ఎక్కడికి పోయేదనుకున్నావు? పెరట్లో నూతి గట్టు మీద కూర్చుని నేనూ మీ అత్తా తినేవాళ్ళం. మీకు పెడితే వాగేస్తారని పెట్టేవాళ్ళం కాదు."

నాయనమ్మకి తెలియదా అన్నాను.

"తెలియకేం. వంటింట్లోంచి కేకేసేవారుగా, అయ్యాక చేతులు కడుక్కుని రండే అని."